ఫలితం వచ్చిన చోటే నిర్ణయం

అప్పటికప్పుడు ఫలితం చెప్పే వైద్య పరీక్షల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. వేలి చివర సూదితో పొడుస్తారు. ఒక్క రక్తపు చుక్క కార్డు మీద వేస్తారు. పావుగంటలో గీత వస్తుంది, లేదా రాదు. దాన్నే మనం ర్యాపిడ్ టెస్ట్ అంటున్నాం, కార్డు టెస్ట్ అంటున్నాం. ఇంట్లో వాడే షుగర్ మిషన్ ఈ కోవలోదే. గర్భం నిలిచిందో లేదో చెప్పే కిట్ కూడా ఈ కోవలోదే. మలేరియాకు, డెంగీకి, హెచ్ఐవీకి, ఆఖరికి గుండెపోటుకు కూడా ఇలాంటి పరీక్షలు వచ్చేశాయి. ఒకప్పుడు రక్తం ల్యాబ్‌కు వెళ్లేది. ఇప్పుడు ల్యాబే రోగి దగ్గరికి నడిచి వస్తోంది. ఇది మంచి మార్పు. ఆ మంచి ఎందులో ఉందో మాత్రం మనం సరిగ్గా అర్థం చేసుకోవాలి. రిపోర్టు త్వరగా రావడం సగం పనే. ఆ రిపోర్టు చూసి ఏం చెయ్యాలో అక్కడే, అప్పుడే తేలితే పని పూర్తవుతుంది. ఫలితం వచ్చిన చోటే నిర్ణయం జరగాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇకపై నేను చెప్పబోయేదంతా ఈ మాటకు వివరణే.

మన హైదరాబాద్ తూర్పు వైపు సంగతే తీసుకుందాం. నాగారం, దమ్మాయిగూడ, కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్. ఒకవైపు కొత్త కాలనీలు, ఇంకోవైపు పాత పారిశ్రామికవాడలు. ఈ చుట్టుపక్కల విజ్ఞానానికి ఏమీ కొదవ లేదు. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో హబ్సిగూడ దగ్గర జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. ఉప్పల్‌లో డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. చర్లపల్లిలో క్షయ, కుష్ఠు వ్యాధుల మీద పనిచేసే బ్లూ పీటర్ పరిశోధన కేంద్రం ఉంది. నాచారంలో కార్మికుల కోసం ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. ఇన్ని ఉన్న చోట కూడా, షిఫ్టులో పనిచేసే మనిషికి జ్వరం వస్తే కథ ఎలా నడుస్తుందో చూడండి. మొదటి రోజు మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుంటాడు. మూడో రోజు డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. డాక్టర్ రక్తపరీక్ష రాస్తారు. రక్తం ఇవ్వడానికి ఒక పూట పోతుంది. రిపోర్టు తెచ్చుకోవడానికి ఇంకో పూట పోతుంది. రిపోర్టు పట్టుకుని మళ్లీ డాక్టర్‌ను కలవడానికి మూడో పూట. ప్రతి పూటకూ కూలి తెగుతుంది, ఆటో ఖర్చు పెరుగుతుంది. జ్వరం కాస్త తగ్గినట్టనిపిస్తే ఆ మూడో పూట ఇక రాడు. పరీక్ష జరిగింది. ఫలితం వచ్చింది. వైద్యం మాత్రం జరగలేదు.

దీన్ని సరిదిద్దడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. 2018లో మన నగరంలో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకుడు. ఇంటికి దగ్గర్లోనే వైద్యం. అదే ఏడాది తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కూడా వచ్చింది. బస్తీ దవాఖానాలో రక్తం తీస్తారు. అది నారాయణగూడలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఐపీఎం ఆవరణలో ఉన్న కేంద్ర ల్యాబ్‌కు వెళ్తుంది. ఫలితం మీ ఫోన్‌కు వస్తుంది. 2023 నాటికి ఉచితంగా చేసే పరీక్షల సంఖ్యను 134కు పెంచారు. పేదవాడి జేబు నుంచి ఎంతో భారం తీసేసిన ఏర్పాటు ఇది. దీన్ని తక్కువ చెయ్యకూడదు. కానీ ఒక ఖాళీ మిగిలే ఉంది. ఫోన్‌కు ఫలితం వచ్చినప్పుడు డాక్టర్ ఎదురుగా ఉండరు. డాక్టర్ ఎదురుగా ఉన్నప్పుడు ఫలితం ఉండదు. ఈ రెండింటి మధ్య రోగి జారిపోతాడు. ర్యాపిడ్ టెస్ట్ పూడ్చగలిగింది ఈ ఖాళీనే. రక్తం తీసిన చోటే ఫలితం. ఫలితం వచ్చిన చోటే నిర్ణయం.

ఇంట్లో అన్నం వండేటప్పుడు ఏం చేస్తాం? ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. పొయ్యి పక్కనే నిలబడి చూస్తాం. పలుకుగా ఉంటే మూతపెట్టి ఇంకాసేపు ఉంచుతాం. ఉడికిపోతే దించేస్తాం. మెతుకును పక్క వీధికి పంపించి, కబురు కోసం సాయంత్రం దాకా కూర్చోం. కూర్చుంటే అన్నం మాడిపోతుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. ఎసట్లో బియ్యం పోసిన రెండో నిమిషంలో మెతుకు పట్టి, ఈ బియ్యం ఉడకవు అని ఎవరూ తేల్చెయ్యరు. ఎప్పుడు పట్టి చూడాలో వండేవాళ్లకు తెలుసు. చూశాక ఏం చెయ్యాలో కూడా తెలుసు. సరైన చోటు, సరైన వేళ, చేతిలో తదుపరి పని. రోగి దగ్గర చేసే పరీక్షకు కావలసినవి సరిగ్గా ఈ మూడే.

అసలు ఆ కార్డు ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెప్తాను. లోపల ఒక సన్నటి పట్టీ ఉంటుంది. దాని మీద అడ్డంగా, కంటికి కనిపించకుండా, యాంటీబాడీల వంటి పట్టుకునే పదార్థంతో ఒక గీత వేసి ఉంటుంది. రక్తం చుక్క, దాని మీద వేసిన ద్రవం కలిసి ఆ పట్టీ వెంట పాకుతాయి. మనం వెతుకుతున్న పదార్థం రక్తంలో ఉంటే ఆ గీత దగ్గర పట్టుబడుతుంది. అక్కడ రంగు పేరుకుంటుంది, గీత పైకి తేలుతుంది. దాని పక్కనే సి అనే అక్షరం దగ్గర ఇంకో గీత రావాలి. దాన్ని కంట్రోల్ గీత అంటారు. కార్డు సరిగ్గా పనిచేసిందని చెప్పే సాక్షి అది. సి దగ్గర గీత రాలేదంటే ఆ పరీక్ష చెల్లదు. పాజిటివ్ అనీ అనకూడదు, నెగెటివ్ అనీ అనకూడదు. కొత్త కార్డుతో మళ్లీ చెయ్యాల్సిందే. అలాగే కిట్ మీద రాసిన సమయానికే చూడాలి. ముందుగా చూస్తే గీత రాకపోవచ్చు. గంట తర్వాత చూస్తే లేని గీత ఉన్నట్టు కనిపించవచ్చు.

మలేరియా విషయంలో ఈ మార్పు ఎంత పెద్దదో చూద్దాం. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి పెట్టిన పేరు ఆయనదే. ఆయన చేతిలో ఉన్న సాధనం మైక్రోస్కోపు. మలేరియాకు ఇప్పటికీ అదే గట్టి పరీక్ష. క్రిమి ఏ రకమో, ఎన్ని ఉన్నాయో అది చెప్తుంది. కానీ దానికి మంచి స్లైడు కావాలి, రంగు కావాలి, తర్ఫీదు ఉన్న కన్ను కావాలి. అడవి మధ్య ఊళ్లో తీసిన స్లైడు పట్నం చేరాలి. చూసి చెప్పేసరికి రోజులు గడిచేవి. అందుకే ఒకప్పుడు జ్వరం అన్న ప్రతివాళ్లకూ స్లైడు తీసుకుని, ముందుగానే క్లోరోక్విన్ ఇచ్చేసేవాళ్లు. అంటే నిర్ణయం ముందు, ఫలితం తర్వాత. ర్యాపిడ్ కార్డు వచ్చాక ఈ వరస సరైంది. ఆశా కార్యకర్త ఆ ఇంటి గడపలోనే రక్తం చుక్క తీసి చూస్తుంది. కార్డు రెండు రకాల మలేరియాను విడదీసి చెప్తుంది. ఫాల్సిపారమ్ అయితే ఒక మందు, వైవాక్స్ అయితే ఇంకో మందు. ఆ మందు ఆమె సంచిలోనే ఉంటుంది. ఇక్కడ గెలిచింది ఒక్క కార్డు కాదు. కార్డు, మందు, మనిషి మూడూ ఒకే గడపలో ఉండటం గెలిచింది.

సరే, త్వరగా ఫలితం వస్తే జనం ఆరోగ్యం బాగుపడినట్టేనా? ఇది న్యాయమైన ప్రశ్న. క్షయ వ్యాధి దీనికి మంచి జవాబు ఇస్తుంది. క్షయ క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడాలంటే వారాలు పడుతుంది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీన్ఎక్స్‌పర్ట్ అనే యంత్రాన్ని సిఫారసు చేసింది. రెండు గంటల్లో ఫలితం వస్తుంది. మందుకు లొంగుతుందో లేదో కూడా చెప్తుంది. ఆ తర్వాత మన దేశంలోనే తయారైన ట్రూనాట్ వచ్చింది. బ్యాటరీతో నడుస్తుంది, ఏసీ గది అడగదు. 2020లో దానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు దొరికింది. మరి రోగి దగ్గరే ఇలాంటి పరీక్ష చేస్తే ఎంత లాభం? దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా, టాంజానియా దేశాల్లో దీన్ని పరీక్షించి చూశారు. ఫలితాలు 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. క్లినిక్‌లో నర్సులే జీన్ఎక్స్‌పర్ట్ నడిపారు. అదే రోజు చికిత్స మొదలైనవాళ్లు నూటికి 23 మంది. మైక్రోస్కోపు వాడిన చోట నూటికి 15 మంది. తేడా స్పష్టంగా ఉంది. కానీ కొన్ని నెలల తర్వాత చూస్తే, రోగుల బాధ తగ్గడంలో రెండు వైపులా పెద్ద తేడా లేదు. ఎందుకు? పాత పద్ధతిలో కూడా డాక్టర్లు లక్షణాలు చూసి, ఫలితం లేకుండానే చాలామందికి చికిత్స మొదలుపెట్టారు.

ఈ ఫలితాన్ని ర్యాపిడ్ టెస్టులకు వ్యతిరేకంగా చూపించేవాళ్లు ఉన్నారు. నేను దాన్ని మరోలా చదువుతాను. పరీక్ష డాక్టర్ బుద్ధికి బదులు రాదు. ఆ బుద్ధికి చేదోడుగా ఉంటుంది. డాక్టర్ అనుభవం ఎలాగూ సరైన దారి చూపించే చోట పరీక్ష కొత్తగా చేసేది తక్కువ. డాక్టర్ రెండు దారుల మధ్య నిలబడిన చోట పరీక్ష చేసే మేలు ఎక్కువ. దగ్గు, జలుబు, జ్వరంతో వచ్చిన మనిషికి యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా? ఇది రోజూ ఎదురయ్యే సందిగ్ధం. వియత్నాంలో హనోయ్ చుట్టుపక్కల పది ఆరోగ్య కేంద్రాల్లో సీఆర్పీ అనే పరీక్షను వేలి రక్తంతో అక్కడికక్కడే చేసి చూశారు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఏ స్థాయిలో ఉన్నాయో అది సూచిస్తుంది. 2016లో ఫలితం ప్రచురించారు. పరీక్ష లేనిచోట నూటికి 78 మంది యాంటీబయాటిక్ వాడారు. పరీక్ష చేసినచోట 64 మంది వాడారు. అక్కర్లేని మందు వద్దు అని చెప్పే ధైర్యాన్ని ఆ పరీక్ష డాక్టర్‌కు ఇచ్చింది, రోగికీ ఇచ్చింది. మన వీధి చివర మెడికల్ షాపులో యాంటీబయాటిక్ చాక్లెట్లలా అమ్ముడుపోతున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మందు రాయడమే కాదు, మందు మానడం కూడా నిర్ణయమే.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్నకు వద్దాం. ఈ కార్డులను నమ్మొచ్చా? నమ్మొచ్చా అని అడిగితే జవాబు దొరకదు. దేనికి, ఎప్పుడు నమ్మొచ్చు అని అడగాలి. కరోనా కాలం మనకు ఈ పాఠం కఠినంగా నేర్పింది. 2020 ఏప్రిల్‌లో విదేశాల నుంచి యాంటీబాడీ ర్యాపిడ్ కిట్లు తెప్పించారు. రాష్ట్రాల్లో వాడి చూస్తే ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, వాటిని ఆపమంది. ఆ నెలాఖరుకు రెండు కంపెనీల కిట్లను తిప్పి పంపమంది. అదే ఏడాది జూన్ 14న ఇంకో రకం కిట్‌కు, అంటే యాంటిజెన్ కిట్‌కు, అనుమతి ఇచ్చింది. ఈసారి ముందే పరీక్షించి చూశారు. జబ్బు లేనివాళ్లను లేదని చెప్పడంలో అది నూటికి 99 పైగా సరైనది. జబ్బు ఉన్నవాళ్లను పట్టుకోవడంలో మాత్రం నూటికి 50 నుంచి 84 మధ్యలో ఉంది. అంటే అది కొందరిని వదిలేస్తుంది. ఆ సంగతి తెలిసే ఒక నియమం పెట్టారు. పాజిటివ్ వస్తే నిజమనే తీసుకోండి. లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ చేయించండి. మొదటి కిట్లకూ రెండో కిట్లకూ ఉన్న అసలు తేడా ఇక్కడుంది. రెండోసారి కిట్ బలమేంటో, బలహీనతేంటో ముందే తెలుసు. దాన్నిబట్టి నిర్ణయం ఎలా తీసుకోవాలో కూడా ముందే రాసిపెట్టారు. ఆ రోజుల్లోనే మన హబ్సిగూడ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆర్‌టీపీసీఆర్‌ను కూడా తేలిక చేశారు. స్వాబ్‌ను ద్రవంలో ముంచకుండా పొడిగానే తెచ్చి, మధ్యలో ఒక పెద్ద మెట్టును తీసేశారు. నవంబర్‌లో ఆ పద్ధతికి ఐసీఎంఆర్ అనుమతి దొరికింది. అంటే కార్డూ ల్యాబూ పోటీదారులు కావు. కార్డు ముందు నడవాలి, ల్యాబ్ వెనక అండగా నిలబడాలి.

త్వరగా చెయ్యడమంటే తొందరపడటం కాదని హెచ్ఐవీ పరీక్ష ఇంకా చక్కగా చూపిస్తుంది. ప్రభుత్వ పరీక్షా కేంద్రాల్లో వాడేవి ర్యాపిడ్ కిట్లే. అయినా ఒక కిట్‌లో గీత వచ్చిందని ఎవరికీ హెచ్ఐవీ ఉందని చెప్పరు. వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మూడు కిట్లతో వరసగా చూస్తారు. మూడింటిలోనూ వస్తేనే చెప్తారు. పరీక్షకు ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, తర్వాతా మాట్లాడతారు. గర్భిణికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి రక్తంతో చూస్తారు. అనుమానం వస్తే పెద్ద కేంద్రానికి పంపి నిర్ధారిస్తారు. నిర్ధారణ అయితే, బిడ్డకు జబ్బు అంటకుండా వెంటనే మందులు మొదలవుతాయి. కిట్లు చిన్నవే. వాటి చుట్టూ ఉన్న క్రమశిక్షణ మాత్రం చాలా పెద్దది. మనం మిగతా ర్యాపిడ్ టెస్టులకు కోరుకోవలసింది కూడా ఈ క్రమశిక్షణనే.

ఆ క్రమశిక్షణ లేకపోతే ఏమవుతుందో వానాకాలంలో చూస్తూనే ఉంటాం. డెంగీ సీజన్ వస్తుంది. జ్వరం వచ్చిన ప్రతివాళ్లకూ కార్డు టెస్ట్. కార్డులో ఎన్ఎస్1 అని ఒకటి ఉంటుంది. అది వైరస్‌లోని పదార్థం. జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లో కనిపిస్తుంది. ఐజీఎం అని ఇంకోటి ఉంటుంది. అది మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీ. అది కనిపించడానికి సుమారు అయిదు రోజులు పడుతుంది. రెండో రోజు ఐజీఎం చూసి లేదంటే దానికి అర్థం లేదు. ఎనిమిదో రోజు ఎన్ఎస్1 చూసి లేదన్నా అంతే. అందుకే జ్వరం ఏ రోజు మొదలైందో డాక్టర్‌కు కచ్చితంగా చెప్పాలి. దోమల వల్ల వచ్చే జబ్బులను అదుపు చేసే జాతీయ కార్యక్రమం కూడా కార్డు ఫలితాన్ని అనుమానంగానే చూస్తుంది. ల్యాబ్‌లో చేసే ఎలైజా పరీక్షతోనే డెంగీని నిర్ధారిస్తుంది. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటుంది. డెంగీలో ప్రమాదం జ్వరం తగ్గే సమయంలో వస్తుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, బాగా నీరసం. ఇవి కనిపిస్తే కార్డు ఏం చెప్పినా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గుండెనొప్పి సంగతీ అంతే. ట్రోపోనిన్ కార్డు గుండె కండరం దెబ్బతిన్నదని చెప్తుంది. కానీ నొప్పి మొదలైన గంటలోపు చూస్తే అది ఇంకా రక్తంలోకి రాకపోవచ్చు. అందుకే ముందు ఈసీజీ తీస్తారు. కొన్ని గంటలాగి మళ్లీ రక్తం చూస్తారు. ఛాతీనొప్పి వచ్చినప్పుడు కార్డు కోసం ల్యాబ్ వెతుక్కోకండి. 108కి ఫోన్ చెయ్యండి.

ఒకే పరీక్ష ఒక పనికి పనికొచ్చి ఇంకో పనికి పనికిరాకపోవచ్చు. రక్తహీనత లెక్క చూడండి. 2019 నుంచి 2021 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70. ఆ సర్వేలో రక్తహీనత పరీక్ష ఎక్కువగా వేలి చివర రక్తంతో, చేతిలో పట్టే యంత్రంతో జరిగింది. వేలిని పిండితే రక్తంలో ఒంటి నీరు కలుస్తుంది, లెక్క మారుతుందని శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ చర్చ తర్వాత దేశం మొత్తం లెక్క కోసం సిర రక్తం తీసే కొత్త సర్వేను మన తార్నాక పోషకాహార సంస్థకు అప్పగించారు. మరి వేలి రక్తం యంత్రాన్ని పారెయ్యాలా? అక్కర్లేదు. నాగారంలో ఒక గర్భిణి ఏఎన్ఎం నర్సు ముందు కూర్చుంది అనుకుందాం. ఆమె హిమోగ్లోబిన్ ఏడు దగ్గరుందా, పదకొండు దగ్గరుందా? ఆ తేడా చెప్పడానికి ఆ యంత్రం చాలు. ఏడు అంటే ఆమెను ఇవాళే పెద్దాస్పత్రికి పంపాలి. పదిన్నరా, పదకొండా అన్న తేడా దేశపు లెక్కల్లో పెద్దదే. ఆ గర్భిణికి ఆ పూట ఇచ్చే ఐరన్ మాత్రలో పెద్ద తేడా రాదు. పరీక్ష ఎంత సూక్ష్మంగా ఉండాలో చెప్పేది కూడా దాని వెనక ఉన్న నిర్ణయమే.

ఖర్చు గురించి కూడా అభ్యంతరం ఉంది. ల్యాబ్‌లో ఒకేసారి వందల శాంపిల్స్ చేస్తే ఒక్కోదానికి ఖర్చు తగ్గుతుంది. కార్డు ఒక్కోటి విడిగా కొనాలి, విడిగా చెయ్యాలి. ఇది నిజమే. కానీ ఆ లెక్కలో రోగి పోగొట్టుకున్న కూలి పూటలు లేవు. ఆటో ఖర్చు లేదు. చికిత్స ఆలస్యమై ముదిరిన జబ్బు ఖర్చు లేదు. అవన్నీ కలిపి లెక్కేస్తే కార్డు చాలాచోట్ల చవకే. చాలాచోట్ల అంటున్నాను, అన్నిచోట్లా అనడం లేదు. థైరాయిడ్ పరీక్ష, కొలెస్ట్రాల్ పరీక్ష రేపు వచ్చినా మునిగిపోయేదేమీ లేదు. వాటిని ల్యాబ్‌కే పంపండి. తొందర లేని నిర్ణయానికి తొందర పరీక్ష అక్కర్లేదు. ఏ పరీక్ష ఎక్కడ ఉండాలో మన దేశం ఇప్పటికే ఆలోచించింది. 2019లో ఐసీఎంఆర్ అత్యావశ్యక పరీక్షల జాతీయ జాబితా తెచ్చింది. ఊరి స్థాయిలో ఏముండాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏముండాలి, జిల్లా ఆస్పత్రిలో ఏముండాలి అని మెట్టు మెట్టుగా రాసింది. ఆ జాబితా ప్రతి బస్తీ దవాఖానాలో అమలు కావాలి.

ఇంట్లో మనం చేసుకునే పరీక్షల సంగతి కూడా చెప్పాలి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. చాలా ఇళ్లలో షుగర్ మిషన్ ఉంది. ల్యాబ్‌లో 110 వచ్చింది, ఇంట్లో 120 వచ్చింది, మిషన్ పాడైందా అని చాలామంది కంగారుపడతారు. కంగారు వద్దు. వంద దాటిన అంకెల్లో 15 శాతం దాకా తేడాను అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. మిషన్ పని రోజురోజుకీ దారి ఎటు పోతోందో చూపించడం. పండు ఒలిచిన చేత్తో చూస్తే మాత్రం అంకె తప్పుగా పెరగవచ్చు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని చూడండి. స్ట్రిప్‌ల డబ్బా మూత వెంటనే పెట్టండి. గడువు తేదీ చూడండి. చాలా కిట్లను 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని పెట్టె మీదే రాసి ఉంటుంది. మన ఎండాకాలంలో రేకుల గదిలో, బండి డిక్కీలో పెట్టిన కిట్ మీద భరోసా పెట్టుకోలేం. ఇది ఇళ్లకే కాదు, మెడికల్ షాపులకూ, చిన్న ల్యాబ్‌లకూ, దవాఖానాలకూ వర్తిస్తుంది. అంకె చూసి మాత్ర మోతాదు మీరే మార్చుకోకండి. రాసుకుని డాక్టర్‌కు చూపించండి.

ప్రభుత్వాన్ని అడగవలసింది ఏమిటో కూడా తేటగా చెప్పుకుందాం. కిట్లు పంచినంత మాత్రాన సరిపోదు. కిట్ ఉన్న ప్రతి చోటా ఆ ఫలితానికి తగిన మందు ఉండాలి. ఏ ఫలితం వస్తే ఏం చెయ్యాలో గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. కార్డు ఫలితాలను అప్పుడప్పుడు ల్యాబ్‌తో పోల్చి చూసే పద్ధతి ఉండాలి. ఫలితం రిజిస్టర్‌లో చేరాలి. లేకపోతే ఏ కాలనీలో డెంగీ పెరుగుతోందో ఎవరికీ తెలియకుండా పోతుంది. దోమల మందు కొట్టేవాళ్లు ఎటు వెళ్లాలో కూడా తెలియదు. ఒక మనిషి విషయంలో నిర్ణయం డాక్టర్‌ది. ఒక బస్తీ విషయంలో నిర్ణయం పాలకులది. రెండు నిర్ణయాలకూ మూలం అదే ఫలితం.

శ్రోతలారా, మీరు చెయ్యగలిగిన పని చిన్నదే. ఎవరైనా మీకు ర్యాపిడ్ టెస్ట్ చేస్తామంటే మూడు మాటలు అడగండి. ఈ పరీక్ష దేనికోసం? నాకు జబ్బు మొదలైన రోజును బట్టి ఇప్పుడు చేస్తే ఉపయోగం ఉందా? పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, నెగెటివ్ వస్తే ఏం చేస్తారు? మళ్లీ చెప్తున్నాను. దేనికోసం, ఇప్పుడేనా, తర్వాత ఏంటి. పరీక్ష చేసేవాళ్ల దగ్గర ఈ మూడింటికీ జవాబు ఉంటే చేయించుకోండి. మూడో దానికి జవాబు లేకపోతే, ముందు డాక్టర్‌ను కలవండి. ఈ వానాకాలంలో మీ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, అది మొదలైన తేదీ కాగితం మీద రాసిపెట్టండి. ఆ కాగితం తీసుకుని దగ్గర్లోని బస్తీ దవాఖానాకు వెళ్లండి. ఫలితం చేతికి రాగానే ఇంటికి బయల్దేరకండి. డాక్టర్‌కు చూపించి, ఇప్పుడు ఏం చెయ్యాలో అడిగి తెలుసుకున్నాకే అక్కడి నుంచి కదలండి.